జపంతో కొలిచిన గుడి

ఆ శుక్రవారం నేను చేయాల్సిన పనులు ఆరు. మరిచిపోకుండా ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను.

ఒకటి, డ్రైనేజీ డ్రాయింగుల కొత్త రివిజన్ ఆఫీసుకు మెయిల్ చేయాలి. రెండు, అమ్మకు ఫోన్ చేసి బీపీ మాత్ర వేసుకుందో లేదో అడగాలి. మూడు, చెల్లి ఫెబి రాయబోయే ఎంట్రన్స్ పరీక్షకు దరఖాస్తు నింపాలి. మా ఇంట్లో ఫారాలు నింపడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నాలుగు, రూమ్‌లో వంట వంతు నాది కాబట్టి పప్పు వండాలి. ఐదు, మధ్యాహ్నం తెలుగు ఆరాధనకు వెళ్ళాలి. ఆరు, తిరిగొచ్చి బట్టలు ఇస్త్రీ చేసుకోవాలి.

ఐదు పనులు చేశాను. ఆరోది చేయలేదు. మర్నాడు నలిగిన చొక్కాతోనే సైట్‌కు వెళ్ళాను. దానికి కారణం తెరేజా.

అది ఫిబ్రవరి. దోహాలో వాన ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది. ఆ నాలుగైదింటిలో ఒకటి సరిగ్గా మా ఆరాధన ముగిసే వేళకు వచ్చింది. చర్చిలన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి కాబట్టి అన్ని దేశాలవాళ్ళూ, అన్ని సంఘాలవాళ్ళూ పార్కింగ్ పక్కనున్న ఒకే రేకుల పంచ కిందికి పరుగెత్తాం. నా పక్కన ఒకమ్మాయి తడిసిన చార్టు ఒకటి విప్పి, చున్నీతో అద్దుతోంది. చార్టు మీద పెన్సిలుతో గీసిన పాత గుడి. గుండ్రటి కమానుల కిటికీలు, ముందు పొడుగాటి గంట గోపురం.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. గీసిన గీత కనబడితే ఊరుకోలేను.

"ఏమీ అనుకోకండి. ఈ గోపురం నిలబడదండీ. అంత ఎత్తుకి అడుగున వెడల్పు చాలదు. పడిపోతుంది," అన్నాను.

ఆమె తలెత్తలేదు. "పడిపోయింది. మొన్న నవంబరు తుఫానులో."

వాన ఆగింది. వెళ్ళేముందు క్షమించమని అడిగాను.

"నూట నలభై ఏళ్ళు నిలబడిందండీ. మీరు నిలబడదన్నది అదే," అంది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

ఆమె ఊరు ఓడలమొగ. గోదావరి సముద్రంలో కలిసేచోట. నాది ఆ పక్క డెల్టాయే, మా నాన్న బియ్యం మిల్లులో హమాలీ. కానీ మేము లూథరన్‌లం, ఆ క్యాథలిక్ గుడికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఒకప్పుడు డచ్చివాళ్ళ గిడ్డంగి ఉన్నచోట ఫ్రెంచి ఫాదర్లు కట్టించిన గుడట అది. గుల్లసున్నం గానుగాడించి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి లేపిన గోడలు. బర్మా నుంచి ఓడల్లో వచ్చిన టేకు దూలాలు. గోపురం మీద దీపం చూసుకుని పడవలు మొగలోకి తిరిగేవట. తుఫాను గోడల్ని పడేస్తే, తర్వాతి అమావాస్యల పోటు పునాది రాళ్ళను కూడా లాక్కుపోయింది.

"ఇప్పుడు ఊరి లోపలికి జరిపి కొత్త గుడి కడతారు," అంది తెరేజా, రెండో శుక్రవారం. ఆ వారం నా పనుల జాబితాలో ఆమెను కలవడం మొదటిది. "కొలతలతో ప్లాను ఇస్తే పాత తీరులోనే కడతామన్నారు ఫాదర్‌గారు. జూన్‌లోపు ఇవ్వకపోతే రేకుల హాలు వేసేస్తారు. గుడి ముందుభాగం ఫోటోలు తప్ప మా దగ్గరేం లేవు. ఊళ్ళో ఎవరినడిగినా తలో మాట చెబుతున్నారు."

"కచ్చితంగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరా?"

"ఒకరున్నారు. మా నాన్న. పాతికేళ్ళు ఆ గుడిలో గంట కొట్టాడు." ఆగి, చార్టు చుట్ట చుట్టింది. "ఆయనకి కళ్ళు కనపడటం లేదు."

*

విజయరత్నంగారు ఐన్ ఖాలిద్‌లో ఒక విల్లాకు డ్రైవరు. పద్దెనిమిదేళ్ళు ఆ ఇంటి పిల్లల్ని బడికి దింపారు. చక్కెర జబ్బు కళ్ళకెక్కి, కిందటేడు గేటును గుద్దినరోజు ఆయనే తాళాలు తీసుకెళ్ళి యజమానికి ఇచ్చేశారు. ఆ యజమాని మంచివాడు. ఆపరేషన్ చేయించాడు, అది పనిచేయలేదు. మే ఇరవయ్యో తేదీకి టిక్కెట్టు తీశాడు. అప్పటిదాకా గేటు పక్క గదిలోనే ఉండమన్నాడు.

శుక్రవారాలు సాయంత్రం ఆ గది ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. కరక్ చాయ్ నేను తెచ్చేవాణ్ణి. తెరేజా ఒక కాంట్రాక్టు కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలరు. వచ్చే ప్రతి కాగితానికీ నంబరు వేయడం, తప్పుంటే తిప్పి పంపడం ఆమె డ్యూటీ. నన్నూ అలాగే చూసేది.

"ఏ సంఘం బాబూ మీది?" అనడిగారు విజయరత్నంగారు మొదటిరోజు.

"లూథరన్ అండీ."

"ఆయ్. మరి మా గుడి గీస్తే మీవాళ్ళేమీ అనరు కదా?"

"గీతకి సంఘమేముంటుందండీ."

ఆయన నవ్వారు. కూతురు నవ్వలేదు గానీ, చాయ్ కప్పు నా వైపు కొంచెం జరిపింది. నాకది చాలనిపించింది.

ఆయనకు అడుగులూ మీటర్లూ తెలియవు. గోపురం ఎత్తెంత అంటే, "గంట తాడు ఎనిమిది బారలు. కింద నా నడుం దాకా వేలాడేది," అన్నారు. ఆయన చేతులు చాపించి బార కొలిచాను. ఆ చేతులు నా టేపుకంటే నిలకడగా ఉన్నాయి. ముందు గోడ వెడల్పు ఫోటోలోని తలుపును బట్టి ముప్ఫై రెండు అడుగులు తేలింది. తలుపు ఆయన జానలతో చెప్పగలరు.

"కిటికీ అరుగు ఎంతెత్తండీ?"

ఆయన చాయ్ కప్పు కింద పెట్టారు.

"జయకుమారి భుజం దాకా. అక్కడ మోచెయ్యి ఆనించి నేను గంట కొట్టేది చూస్తుండేది." జయకుమారి ఆయన భార్య, తెరేజా పదో తరగతిలో ఉండగా పోయింది. ఆయన లేచి, చేయి గాల్లో తడుముతూ కూతురి భుజం పట్టుకున్నారు. "ఇదిగో. దీని భుజానికి నాలుగు వేళ్ళు తక్కువ."

నేను టేపు పట్టుకుని తెరేజా పక్కన నిలబడ్డాను. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళూ అమ్మాయిల వరసకు రెండు బెంచీల దూరంలో కూర్చున్నవాణ్ణి. టేపు తిరగేసి పట్టుకున్నాను.

"సరిగ్గా చదవండి," అంది మెల్లగా. "తప్పయితే రిజెక్ట్ చేస్తా."

"నాలుగడుగుల రెండంగుళాలు."

"నాలుగు వేళ్ళు తీసేశారా?"

తీసేయలేదు. తీసేశాను.

చివరికి మిగిలింది గుడి పొడవు. అన్నిటికంటే ముఖ్యమైనది.

"తలుపు నుంచి పీఠం మెట్టు దాకా అయిదు మంగళవార్త జపాలు బాబూ," అన్నారు. "పండగనాడు దీపం పట్టుకుని, జపం చెప్పిస్తూ ముందు నేను నడిచేవాణ్ణి. అయిదోదానికి ఆమెన్ అనేసరికి కాలికి మెట్టు తగలాల్సిందే. ఒక్కరోజు కూడా తప్పలేదు."

"ఒకసారి చెబుతారా, రాసుకుంటాను?"

ఆయన కళ్ళు మూసుకుని, అలవాటైన రాగంలో చెప్పి ఆపారు. నేను మాట పొల్లుపోకుండా రాసుకున్నాను. తెరేజా అప్పుడు లోపల కప్పులు కడుగుతోంది.

ఆ వారమంతా మా క్యాంపు వరండాలో, ఎవరూ లేనప్పుడు, ఒక లూథరన్‌వాణ్ణి మరియమాత జపం చెప్పుకుంటూ మెల్లగా నడిచాను. అయిదుసార్లు చెప్పి ఆగినచోట చాక్‌పీసుతో గీత. మూడుసార్లు చేసి సగటు తీశాను. నలభై ఆరు అడుగులు. మా రూమ్‌మేట్ హనుమప్ప అనంతపురంవాడు, పికప్ డ్రైవరు. ఒకరోజు నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఏమప్పా, దయ్యం గియ్యం పట్టిందా?"

"కొలతలప్పా."

"ఎవురి కొలతలో నాకు తెల్దనుకున్యావా," అని పోయాడు.

డ్రాయింగు చూసి తెరేజా కనుబొమలు ముడిచింది.

"పొడవు కురచగా లేదూ?"

"మీ నాన్నగారి లెక్కే. నేను మూడుసార్లు చెక్ చేశాను."

"ఎలా చెక్ చేశారు?"

వరండా సంగతి చెప్పడానికి సిగ్గేసింది. "మా ప్రొఫెషనల్ పద్ధతులు మాకుంటాయండీ," అన్నాను. మా వంశంలో మొదటి ఇంజనీరుని. అడిగినవాళ్ళకు తెలియదని ఒప్పుకోవడం నాకింకా అలవాటు కాలేదు.

"సరే. నాకు నచ్చలేదని మాత్రం రికార్డు చేసుకోండి," అంది. ఆ తర్వాత మూడు వారాలు నాతో మాట్లాడినవి రివిజన్ నంబర్లే.

*

మే పద్దెనిమిదిన, ఫ్లైటుకు రెండు రోజుల ముందు, విజయరత్నంగారు ఫోన్ చేశారు.

"బాబూ, గీశావట కదా. నాకు కాగితం కనపడదు. పంపేముందు ఒక్కసారి చూసుకోవాలనుంది."

"ఎలా చూస్తారండీ?"

"మేస్త్రీలు ముగ్గు పోస్తారు కదా, పునాదికి ముందు? అలా పోస్తే నేను నడిచి చూసుకుంటాను."

ముగ్గు పోయడమంటే ప్లాను నేల మీద నిజం కొలతతో సున్నం గీతలుగా గీయడం. సున్నం ఎక్కడ దొరుకుతుందో తెలియక మూడు మైదా సంచులు కొన్నాను. మర్నాడు తెల్లవారుజామున, ఖాళీ ఇసక తీరం కోసం, హనుమప్ప పికప్‌లో నలుగురం దుఖాన్ దారి పట్టాం. అల్ షహానియా దగ్గర పందెం ఒంటెల వరస రోడ్డు దాటుతుంటే ఆగాం. విజయరత్నంగారు అద్దం దించి, "ఎన్నున్నాయి?" అనడిగారు. తెరేజా లెక్కపెట్టి చెప్పింది. ఆయన తలూపారు, చూసినట్టే.

దుఖాన్ దాటాక సముద్రం. అల లేదు, చప్పుడు లేదు. ఆరున్నరకే ఎండ చురుక్కుమంటోంది. నేనూ హనుమప్పా తాడు పట్టి, మేకులు కొట్టి, మైదాతో గీతలు పోశాం.

"రొట్టెల పిండంతా ఇసకలో పోస్తివి. రాత్రికి ఏం తింటామప్పా?" అన్నాడు హనుమప్ప. ఎవరూ నవ్వలేదు. వాడే చెప్పులు విప్పి, గీతకు అవతల నిలబడ్డాడు. గుడి కదా.

తెరేజా తండ్రిని తలుపు ఉండాల్సినచోట నిలబెట్టింది. ఆయన చెప్పులు వదిలి, పాదంతో మైదా గీతను తడిమారు. చేతిలో దీపం ఉన్నట్టు గుప్పిట ముందుకు పెట్టారు. జపం మొదలుపెట్టి, నడక మొదలుపెట్టారు. నేను రాసుకున్న మాటలే. అవి అయిపోయాయి.

ఆయన ఆగలేదు. నడుస్తూనే ఉన్నారు. వెనక నుంచి తెరేజా గొంతు, నేనెన్నడూ వినని మాటల్ని అందుకుంది. జపంలో మిగతా సగం. ఆమె ఆమెన్ అనేదాకా ఆయన అడుగులు పడుతూనే ఉన్నాయి. అప్పుడు రెండో జపం మొదలైంది.

అప్పుడర్థమైంది. ముందు నడిచేవాడు సగం చెబుతాడు, వెనకవచ్చే ఊరు సగం చెబుతుంది. ఆయన ఆ పాతికేళ్ళూ తన సగమే చెప్పారు. నాకు చెప్పినదీ అదే. ఆ గుడిలో ఒక్కసారి కూర్చున్న పిల్లవాడికైనా తెలిసే సంగతి నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు.

మూడో జపంలో ఆయన వంతు అయ్యేసరికి పాదానికి పీఠం గీత తగిలింది. ఆగిపోయారు. పాదంతో అటూ ఇటూ తడిమారు. ఆ ముఖం నేను మరిచిపోలేను.

"గుడి ఇంతే ఉండేదా తెరేజా?" అన్నారు. "నేను మరిచిపోయానా?"

తెరేజా నా వైపు చూసింది. అప్పుడు చెప్పకపోయుంటే ఆయన నమ్మేసేవారు. కళ్ళు పోయినట్టే గుర్తూ పోయిందనుకుని విమానం ఎక్కేవారు. కొత్త గుడి నా తప్పుతో లేచేది.

"మీరు మరిచిపోలేదండీ. తప్పు నాది," అన్నాను. వరండా, చాక్‌పీసు గీతలు, సగం జపం, అన్నీ చెప్పాను. "నాకు రెండో సగం ఉంటుందని తెలియదు. తెలియదని అడగలేదు."

తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు.

"అమ్మయ్య," అన్నారు. "నేను మరిచిపోలేదు. పద తెరేజా, ఇంకా రెండున్నర ఉన్నాయి."

ఆ గీతను తొక్కి ఆయన ముందుకు వెళ్ళారు. తొక్కని ఇసక మీద ఆయన అడుగులు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. అయిదో ఆమెన్ దగ్గర ఆగి, కుడికాలు కొంచెం ఎత్తి, మెట్టు మీద పెట్టినట్టు పెట్టారు. "ఇక్కడ," అన్నారు.

కొలిచాను. తొంభై రెండు అడుగులు.

"ఇంకొకటి మిగిలింది," అన్నారాయన, అక్కడే నిలబడి. "నడిమి దారి వెడల్పు. పెళ్ళిజంట పక్కపక్కన నడిస్తే రెండు వైపులా ఒక్కో మనిషి పట్టాలి. ఇద్దరు నడిచి చూపించండి."

హనుమప్ప గబుక్కున, "నాకు మోకాలు నొప్పప్పా," అన్నాడు.

తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాం. తెరేజా నా వైపు చూడలేదు.

"మూడు వారాలు నాతో మాట్లాడలేదు మీరు," అన్నాను.

"నచ్చలేదని రికార్డు చేసుకోమన్నాను కదా. చేసుకోలేదు."

"ఇప్పుడు చేసుకున్నాను. తెరేజా, నాకు మీరంటే ఇష్టం. తప్పు సమయంలో చెబుతున్నానేమో."

నాలుగైదడుగులు నడిచింది. "మా అమ్మా నాన్నా ఆ గుడిలోనే పెళ్ళి చేసుకున్నారు. నాదీ అక్కడే అనుకుంటూ పెరిగాను. మైదాపిండి గుడిలో నడుస్తాననుకోలేదు."

"రిజెక్టా?"

"కామెంట్లతో ఆమోదం," అంది. నవ్వింది అనుకున్నాను గానీ, కళ్ళు తుడుచుకుంటోంది. "మొదటి కామెంటు, ఆ రెండో సగం నేర్చుకోండి. రెండోది, మీ అమ్మగారితో మీరే మాట్లాడాలి."

పీఠం దగ్గరికి చేరాం. విజయరత్నంగారు చేయి చాపితే నా తల తగిలింది. ఇంకో చేత్తో కూతురి తల వెతుక్కున్నారు. రెండు చేతులూ కాసేపు అలాగే ఉంచారు.

"సరిపోయింది, వెడల్పు," అన్నారు చివరికి.

తిరిగి వెళ్ళేటప్పటికి పోటు మొదలై, తలుపు గీతను నీళ్ళు తాకుతున్నాయి. ఆయనకు చెప్పలేదు.

*

ఆ రాత్రే కొలతలు సరిదిద్ది ప్లాను పంపాం. ఇరవయ్యో తేదీన ఆయన వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో ఆ విల్లా పెద్ద పిల్లవాడు, ఇప్పుడు మీసాలొచ్చినవాడు, ఆయన భుజం పట్టుకుని వదల్లేదు.

మా అమ్మ ఫోన్‌లో, "ఆర్‌సీఎం పిల్లంటరా?" అని ఒక రోజు, "ఆ ముసలాయన కళ్ళు కనపడక ఎలా ఉన్నాడురా?" అని మరో రోజు అడిగింది. మూడో రోజు బస్సెక్కి ఓడలమొగ వెళ్ళి చూసొచ్చింది. "ఆయన చెయ్యి మీ నాన్న చెయ్యిలాగే ఉందిరా, కాయలు కాసి," అని చెప్పింది. సంఘం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆగస్టు పదిహేను మాత పండగనాడు మా ప్లాను ప్రకారం ముగ్గు పోశారు. ఈసారి సున్నంతోనే. విజయరత్నంగారు తలుపు నుంచి పీఠం దాకా నడిచి, సరిపోయిందని చెప్పారట. అక్టోబరులో, గోడలు కిటికీ అరుగు దాకా రాకముందే, ఆయన నిద్రలో పోయారు.

మాకు ఇద్దరికీ సెలవు దొరకలేదు. మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చూశాం. పైకప్పులేని ఆ గోడల మధ్య పెట్టెను తలుపు నుంచి పీఠం దాకా మోసుకెళ్ళారు. ముందు నడిచే ఆయన సగం చెప్పాడు. వెనక ఊరు సగం చెప్పింది. ఆ సగం తెరేజాతో పాటు నేనూ చెప్పాను. అప్పటికి నేర్చుకున్నాను.

ఇప్పుడు కిటికీ అరుగు పూర్తయింది. నేల నుంచి తెరేజా భుజానికి నాలుగు వేళ్ళు తక్కువట. మేస్త్రీ ఫోటో పంపాడు. పైకప్పు వేసినా వేయకపోయినా ఫిబ్రవరిలో మా పెళ్ళి అక్కడే.

మీలో ఎవరైనా ఎప్పుడైనా ఆ తీరానికి వెళితే, ఏ సంఘంవారైనా, ఏ మతంవారైనా సరే, ఆ తలుపు దగ్గర చెప్పులు విడిచి పీఠం దాకా మెల్లగా నడవండి. పరుగెత్తితే ఆ గుడి కురచగా కనబడుతుంది. కాలికి మెట్టు తగిలినప్పుడు, గంట కొట్టిన విజయరత్నంగారిని ఒక్కసారి తలచుకోండి.